కూరగాయలు ఉడికిన నీళ్లు

మా ఇంటి వెనక జాగా పెద్దదేమీ కాదు. కోదాడలో ఇల్లు కట్టుకున్నప్పుడు వెనక్కి మిగిలింది పది మంచాలు వేస్తే నిండిపోయేంత. అందులో నేను పెట్టని మొక్క లేదు. గోడ మీదికి బీర, సొర. మూలన మునగ. స్నానాల నీళ్లు పారే వైపు అరటి. ఒక జామ, ఒక బొప్పాయి, ముళ్లతో నన్ను చీరేసే నిమ్మ. నడుమ టమాట, వంకాయ, చిక్కుడు, బచ్చలి, తోటకూర, పుంటికూర. పక్కింటావిడ జగ్గయ్యపేట నుంచి వచ్చిన మనిషి, పుంటికూరను గోంగూర అంటుంది. పేరు దగ్గర మా ఇద్దరికీ ఎప్పుడూ పేచీయే, కూర మాత్రం చక్కగా కోసుకుపోతుంది.

నాకీ మొక్కల పిచ్చి పుట్టింటి నుంచి వచ్చింది కాదు, పుట్టింట్లో లేకపోవడం వల్ల వచ్చింది. మాది తిరుమలగిరి పక్క. నాన్న బోరు నమ్ముకుని పత్తి వేసేవాడు. బోరు పోస్తే పత్తి, పోయకపోతే ఇంట్లో లొల్లి. ముఖం కడిగిన నీళ్లు బర్రెకు, బియ్యం కడిగిన నీళ్లు కుడితికి పోయేవి. ఆకుకూర ఉడికించిన నీళ్లలో ఇంత చింతపండు పిసికి, ఎల్లిగడ్డ వేసి పోపు పెడితే అది చారు. ఒకసారి ఆ నీళ్లు నేను వాకిట్లో పారబోస్తే అమ్మ వీపు మీద ఒకటి వేసింది. "ఉడుకుడుకు నీళ్లు నేల మీద పోస్తె భూదేవి ఒళ్లు కాలుతది, నీకు తెల్వదా?" అంది. భూదేవి సంగతేమో గానీ నా వీపు మాత్రం కాలింది.

పెద్దయ్యాక నేను జీవశాస్త్రం టీచరునయ్యాను. ఇరవై ఏళ్లకు పైగా చెబుతున్నాను. ఇప్పుడు నడిగూడెం పక్కన సర్కారు బడి. పోషకాల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద రాస్తాను: కూరగాయలు ఉడికించిన నీటిని పారబోయరాదు, లవణాలు, విటమిన్లు ఆ నీటిలోకి దిగిపోతాయి. రాసి, వెనక్కి తిరిగి, "మీ అమ్మలకు చెప్పండి" అంటాను. అమ్మ వీపు మీద వేసిన దెబ్బకూ నేను బోర్డు మీద రాసిన మాటకూ అర్థం ఒకటే కదా అని లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

మా ఆయనది మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు వస్తే రాగితీగ విప్పి మళ్లీ చుట్టేవాడు. రోజంతా వంగి కూర్చునే పని. నడుం నొప్పికి మెడికల్ షాపులో నొప్పి గోలీ అడిగి వేసుకోవడం అలవాటైంది. పదేళ్లు వేసుకున్నాడు. షుగరు కూడా ఉంది. నేను మాత్రం ఏం చూశాను? మందు కొట్టని కూరగాయలు పెడుతున్నాను, ఈ ఇంట్లో ఎవరికీ ఏ రోగమూ రాదు అనుకున్నాను. మా వైపు ఒక మాట ఉంది, "మా పెరట్ల పండింది, మందు గొట్టలే" అని. ఆ మాట చెప్పి సంచి చేతికిస్తే ఇంక ఎవరూ ఏమీ అడగరు. జామకాయ అయితే కొంగుకు తుడిచి అక్కడే కొరుకుతారు. నేను కొన్ని వందల సంచులు అలా ఇచ్చి ఉంటాను. నా పెరట్లోంచి వచ్చింది ఎవరికైనా చెడు చేస్తుందంటే నవ్వేదాన్ని.

ఊరంతా మెచ్చుకునే తోటను ఆయన మాత్రం పట్టించుకునేవాడు కాదు, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు. "నీ తోటకు నీళ్లు తోడి తోడి నా మోటరే కాలిపోయేటట్టున్నది టీచరమ్మా" అనేవాడు. తినడం మాత్రం బాగా తినేవాడు. బీరకాయ తొక్కుతో పచ్చడి చేస్తే ఆ పూట అన్నం రెండింతలు వండాలి.

రెండేళ్ల కిందట ఆయన కాళ్లు వాచాయి. నా దగ్గర దాచాడు. చెప్పులు పట్టకపోతే కొత్తవి కొన్నాడు తప్ప చెప్పలేదు. తెలిసేసరికి కిడ్నీలు రెండూ చాలావరకు పోయాయి. పిల్లలకు ఏళ్ల తరబడి చిక్కుడు గింజలా బొమ్మ గీసి చూపించిన అవయవం, నా ఇంట్లో మనిషి ఒంట్లో ఆగిపోతుంటే నాకు తెలియలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఎవరి మీదో తెలియదు.

వారానికి రెండుసార్లు సూర్యాపేట దవాఖానలో డయాలసిస్. మొదటిరోజే డాక్టరు తినకూడని వాటి కాగితం ఇచ్చాడు. ఆకుకూరలు వద్దు. టమాట వద్దు. మునగ వద్దు. అరటి, జామ, బొప్పాయి వద్దు. కాగితం చదువుతుంటే ఎవరో మా వెనక జాగాలోకి వచ్చి ఒక్కో మొక్క పేరు రాసుకుపోయినట్టుంది. "పొటాషియం ఎక్కువైతే గుండె ఆగుతదమ్మా. కిడ్నీ పనిచేస్తలేదు కాబట్టి బయటికి పోదు, ఒంట్లోనే ఉంటది" అన్నాడు డాక్టరు. నాకు ఆ మాట కొత్త కాదు. కాయ బరువెక్కాలని పొటాష్ కోసమే కదా నేను మొక్కల మొదట్లో బూడిద వేసేది. ఆ ఊక బూడిద మిర్యాలగూడ మిల్లుల నుంచి మా వదిన, అంటే ఆయన అక్క, వచ్చినప్పుడల్లా గోనెసంచిలో తెచ్చేది.

తిరిగి వస్తుంటే బస్సులో ఆయన కిటికీ వైపు చూస్తూ అన్నాడు, "ఇగ నీ తోటంత నీకే."

"నోరు మూస్కో" అన్నాను.

బీర, సొర, దొండ, క్యాబేజీ లాంటివి తినొచ్చు, అవి కూడా ఒక పద్ధతిలో వండి. ముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి, మళ్లీ కొత్త నీళ్లలో ఉడికించి, అవీ వంపేసి, మిగిలిన ముక్కలు వండాలి. ఉప్పు చిటికెడు. ఎప్పుడైనా ఆశపడితే నాలుగు చిక్కుళ్లో రెండు మునక్కాడ ముక్కలో ఇదే పద్ధతిలో పెట్టొచ్చన్నాడు డాక్టరు. నీళ్లు కూడా రోజుకు లెక్క ప్రకారం తాగాలి. చాయ్, మజ్జిగ, చారు అన్నీ ఆ లెక్కలోనే.

నేను మొండిదాన్ని. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చేస్తానన్నానంటే చేస్తాను. తెల్లవారకముందే లేచి ముక్కలు తరిగేదాన్ని. బడికి పోయే హడావుడిలో కూడా రెండుసార్లు నానబెట్టి, ఉడికించి, వంపి, చేత్తో పిండి వండేదాన్ని. అలా వండిన సొరకాయ ఎలా ఉంటుందంటే, దానికి సొరకాయ అని పేరొక్కటే మిగులుతుంది. ఆయన వంక పెట్టకుండా తినేవాడు. ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలేవాడు. నాలుగు ముద్దలకు చెయ్యి కడిగేవాడు.

డయాలసిస్ మనిషి తినకపోయినా ప్రమాదమే. కండ కరిగిపోతుంది. ఆ సంగతీ డాక్టరు చెప్పాడు. పండక్కి కుట్టించిన చొక్కా మూడు నెలలకే ఆయన భుజాల మీద నుంచి జారడం మొదలైంది. నా భయమంతా ఆయన పళ్లెం చుట్టూనే తిరిగేది. ఎక్కువ తింటే ఒకటి, తక్కువ తింటే ఇంకొకటి.

ఒక ఆదివారం వదిన మిర్యాలగూడ నుంచి బూడిద సంచితో వచ్చింది. ఆ మనిషిది పెద్ద గొంతు. భర్త పోయాక ఇద్దరు పిల్లలను ఒక్కతే పెంచి పెళ్లిళ్లు చేసింది, ఆమె మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. నేను వంటింటి వెనక మోరీ దగ్గర గిన్నె వంపుతున్నాను. బీరకాయ నీళ్లు, లేత పచ్చగా, ఆవిరితో, నోరూరే వాసనతో పోతున్నాయి.

"ఏందే గిది? సారమంత మోరిల పోస్తున్నవ్. ఇగ నా తమ్మునికి పిప్పి పెడుతున్నవా?" అంది.

"డాక్టరు చెప్పిండు వదినా."

"డాక్టర్లు చెప్తరు. వాళ్లు వండుతరా, పెడతరా? మనిషిని సూడు, ఎట్ల ఎండిపోయిండో. గిది ఇంట్ల పండిన కూరగాయ. మందు గొట్టలే, మాయ చేయలే. గీ నీళ్లల్ల ఏమున్నదే?"

ఏమున్నదో నాకు తెలుసు. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నది అదే. కానీ ఆ రోజు నాకు ఆ ప్రశ్న ఇంకోలా వినిపించింది. బీర, సొర తినొచ్చన్నాడు కదా. తినదగిన కాయ నీళ్లు తాగదగనివి ఎలా అవుతాయి? ముక్కల్లోంచి తీసేయమన్నాడు, తీసేశాను. ఇంక ఆయన తినే ముక్కలు శుద్ధంగానే ఉన్నాయి. చారు అయితే నీళ్ల లెక్కలో రాసుకుంటే సరి. చదువుకున్నదాన్ని అంత తెలివితక్కువగా ఎలా ఆలోచించానో చెప్పలేను. అలాగే ఆలోచించాను. ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పోశాను.

మర్నాడు ఆ నీళ్లు పారబోయలేదు. చింతపండు వద్దన్నారని నిమ్మరసం నాలుగు చుక్కలు పిండి, మిరియాలు, జీలకర్ర, ఎల్లిగడ్డ దంచి వేసి పోపు పెట్టాను. ఒక చిన్న గ్లాసుడు చారు. ఆయన అన్నంలో పోసుకుని ఒక ముద్ద తిని ఆగాడు. నా వైపు చూశాడు. మళ్లీ తిన్నాడు. ఆ పూట పళ్లెం ఖాళీ అయింది.

"ఇన్నాళ్లకు నోటికేదన్న తగిలిందే" అన్నాడు.

నేను గదిలోకి వెళ్లి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. సంతోషంతోనే.

అప్పటి నుంచి రోజూ చారే. మొదట్లో బీరకాయ నీళ్లు మాత్రమే. తర్వాత చిక్కుడు ఉడికినవి. తర్వాత మునక్కాడ ముక్కలు ఉడికిన నీళ్లు, అవయితే ఇల్లంతా వాసన. ఒకసారి నా కోసం వండుకున్న టమాటలు ఉడికిన నీళ్లు కూడా కలిపాను, రంగు వస్తుందని. ఆయనకు పెట్టకూడని ముక్క ఒక్కటీ పెట్టలేదు. ఆ విషయంలో నా అంత కచ్చితమైన మనిషి లేదు. పక్కింటావిడ అరటిపండు తెచ్చి ఇస్తే గుమ్మంలోనే వెనక్కి ఇచ్చేశాను, ఆవిడ నొచ్చుకుంది కూడా. మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేస్తే గొప్పగా చెప్పేదాన్ని, "మీ నాయన మంచిగ తింటుండు, నేను జూసుకుంట గదా" అని.

ఆ నెల రక్తపరీక్షలో పొటాషియం కాస్త పెరిగింది. సూర్యాపేటలో నర్సు కాగితం చూసి అడిగింది, "అమ్మా, పండ్లు గిట్ల పెడుతున్నరా?"

"ఒక్క పండు ముట్టనియ్యను. కావాలంటె ఆయన్ని అడుగు" అన్నాను. నా గొంతులో ఉన్న కోపానికి ఆ నర్సు ఇంకేం అడగలేదు. మంచం మీద గొట్టాలతో పడుకున్న ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను.

ఆ తర్వాత పది రోజులకు, ఒక సోమవారం పొద్దున, నేను బడికి వెళ్లడానికి బ్యాగు సర్దుకుంటున్నాను. మంచం మీద నుంచి పిలిచాడు. "కాలు లేస్తలేదే" అన్నాడు. తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్లి పట్టి లేపబోతే కాలు తడిసిన గోనెసంచిలా బరువుగా ఉంది. పెదవుల చుట్టూ ఏదో పాకుతున్నట్టుందన్నాడు. మాట నెమ్మదిగా వస్తోంది. పక్కింటావిడ వాళ్లాయన అంబులెన్సుకు ఫోను చేశాడు. కోదాడ నుంచి సూర్యాపేట దాకా ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. నేను మణికట్టు దగ్గర నాడి లెక్కపెడుతూనే ఉన్నాను. పిల్లలకు ప్రాక్టికల్‌లో నేర్పిస్తాం కదా, నిమిషానికి డెబ్బై రెండు అని. నా వేళ్ల కింద అందులో సగం కూడా లేదు. ఒకచోట ఆగినట్టనిపించి నేను అరిచాను.

దవాఖానలో గుండె పరీక్ష చేశారు, ఇంజెక్షన్లు ఇచ్చారు, వెంటనే డయాలసిస్ మీద పెట్టారు. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు. మధ్యాహ్నానికి వదిన మిర్యాలగూడ నుంచి వచ్చింది. నా పక్కన బెంచీ మీద కూర్చుని నా వీపు నిమురుతూ ఉంది.

డాక్టరు బయటికి వచ్చి అడిగాడు. "రోజూ ఏం పెడుతున్నరమ్మా?"

చెప్పాను. తరగడం, నానబెట్టడం, వంపడం, ఉడికించడం, పిండడం. పాఠం అప్పజెప్పినట్టు ఒక్కటీ వదలకుండా చెప్పాను. డాక్టరు తల ఊపుతూనే ఉన్నాడు. నేను చెప్పింది నిజం. అందుకే నా గొంతు గట్టిగా ఉంది. ఎవరో పొరపాటు చేశారు, అది నేను కాదు.

నా మీద అనుమానం వస్తోందని వదినకు అనిపించినట్టుంది. నన్ను కాపాడబోయింది. "మా మరదలిని ఏమనకుర్రి సారూ. గంత మంచిగ జూసుకునేటోళ్లు ఎవరు లేరు. ముక్కలు ఉడికిన నీళ్లు గూడ పారబోయది. ఆ నీళ్లతోనే చారు కాస్తది. ఆ చారుతోనే మావోడు రెండు ముద్దలు తింటుండు" అంది.

డాక్టరు తల ఊపడం ఆపేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "ఆ నీళ్లల్లకే కదమ్మా అదంత దిగేది."

నేను గోడ వైపు చూశాను. నాకు ఆ క్షణంలోనే తెలిసిందని చెప్పను. తెలిసిందే మళ్లీ తెలిసింది. డాక్టరు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీరేం చేస్తరమ్మా?" అని అడిగాడు.

"టీచరును."

"ఏం సబ్జెక్టు?"

"తెలుగు" అన్నాను.

వదిన నా ముఖం వైపు చూసింది. నా జీవితంలో అంత సిగ్గుపడ్డ మాట ఇంకొకటి లేదు. ప్రాణాపాయంలో ఉన్న మొగుణ్ని లోపల పెట్టుకుని, నా పరువు కోసం నేను అబద్ధం ఆడాను.

సాయంత్రం బట్టలు తేవడానికి ఇంటికి వెళ్లాను. వదిన కూడా వచ్చింది. తాళం తీసి నేరుగా వెనక్కి వెళ్లాను. టమాట మళ్లు రెండూ, కాయలతో, పిందెలతో, కర్రలతో సహా పీకేశాను. చేతులకు టమాట ఆకుల పసరు నల్లగా అంటుకుంది. తర్వాత బచ్చలి తీగ పట్టుకుని గోడ మీద నుంచి గుంజాను. వదిన గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"అవేం జేసినయే?" అంది చివరికి.

"నువ్వు నోరు మూసుకో వదినా" అన్నాను. ఆమెను అంత మాట అనడం అదే మొదటిసారి. ఆమె లోపలికి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చింది. నేను మట్టిచేతులతోనే గ్లాసు అందుకున్నాను. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. "నేనన్న మాటకే గదనే" అని ఆమె ఏడ్చింది. నేను ఆమెను ఊరడించలేదు. ఆ పని నేను చేయాల్సింది, ఆ రోజు నా వల్ల కాలేదు. మాట ఆమెది, చారు నాది. చదువు కూడా నాదే.

రెండు రోజుల తర్వాత ఆయన్ను మామూలు వార్డుకు మార్చారు. మంచానికి ఆనుకుని కూర్చున్నాడు. ముఖం పీక్కుపోయింది గానీ కళ్లలో మనిషి ఉన్నాడు. నేను స్టూలు దగ్గరికి జరుపుకుని చెప్పేశాను. చారు వల్లే అయిందని, నేనే చేశానని, నాకు తెలిసి ఉండాల్సిందని. చెబుతున్నంతసేపూ ఆయన దుప్పటి అంచు మడతపెడుతూ ఉన్నాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"డాక్టరు చెప్పిండా?"

"గప్పుడు గాదు. ముందే తెలుసు. నీళ్లు పారబొయ్యాలె అని డాక్టరు చెప్పినప్పుడు నేను గాడనే ఉన్న గదా."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "తెలిసి తాగినవా?" అన్నాను.

"అదొక్కటే తిండి లెక్కుండె."

నేను ఎంత గట్టిగా అరిచానో నాకు గుర్తులేదు. పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు, నర్సు పరుగున వచ్చింది. నాకు చెప్పొద్దా అన్నాను. నన్ను హంతకురాలిని చేద్దామనుకున్నవా అన్నాను. నోటికి ఏదొస్తే అది అన్నాను. ఆయన తల దించుకుని విన్నాడు. "నువ్వు గంత సంబరపడుతుంటివి. ఎట్ల చెప్పాలె?" అన్నాడు. నర్సు నా భుజం పట్టుకుని వరండాలోకి తీసుకుపోయింది. అక్కడ నిలబడితే నాకు ఏడుపు రాలేదు. నాలుగు ముద్దల అన్నం తినడానికి ప్రాణం పణంగా పెట్టాడంటే, ఆ ప్రాణం ఆయనకు ఎంత చవకైపోయిందో అని ఒకటే భయం పట్టుకుంది.

ఇంటికి వచ్చాక మళ్లీ మొదటి పద్ధతే. నీళ్లు మోరీలోకే. ఆయన వెనక గుమ్మంలో పీట వేసుకుని, పెరటి వైపు ముఖం పెట్టి తినడం మొదలుపెట్టాడు. గాలి బాగుంటుందన్నాడు. నేను ఎదురుగా కూర్చుంటే, "నువ్వు గట్ల సూస్తుంటె నాకు ముద్ద దిగది" అన్నాడు. సరేనని లోపలికి పోయేదాన్ని. కాసేపటికి పళ్లెం ఖాళీగా వచ్చేది. నాకు ధైర్యం వచ్చింది. వారం రోజులు బడికి కూడా నిశ్చింతగా వెళ్లాను.

పీకేసిన టమాట మళ్లలో ఏమైనా వేద్దామని ఒక సాయంత్రం పార పట్టుకున్నాను. మట్టి అక్కడ మెత్తగా, ఎవరో కదిపినట్టుంది. చీమలు బారు కట్టాయి. పారతో నాలుగు వేళ్ల లోతు తీశాను. అన్నం. ఆ రోజుది, దాని కింద ఇంకా ముందుది, పుల్లవాసనతో. నేను పొద్దున నానబెట్టి, ఉడికించి, పిండి వండిన సొరకాయ ముక్కలు, ఒక్కటి కూడా నలగకుండా ఉన్నాయి.

ఆయన లోపల మంచం మీద కూర్చుని ఫోను చూస్తున్నాడు. నేను పార చేతిలో పట్టుకునే వెళ్లాను. నా చేతిలో పార చూసి ఫోను పక్కన పెట్టాడు. అరవాలనే వెళ్లాను. అరుపు రాలేదు.

"నీకు బతకాలని ఉన్నదా, లేదా? ఒక్క మాట చెప్పు. నేను ఏడ్వను" అన్నాను.

వెంటనే జవాబు చెప్పలేదు. అబద్ధం చెప్పడానికి వెతుక్కుంటున్నట్టు లేదు. నిజంగానే లోపల చూసుకుంటున్నట్టుంది.

"బతకాలనే ఉన్నది" అన్నాడు. "తినబుద్ధే అయితలేదు. నోట్లె పెట్టుకుంటె దూది నమిలినట్టుంటది. నీకు తెల్వది."

నిజమే, నాకు తెలియదు. ఏడాదికి పైగా ఆ కూర నా చేత్తో వండుతున్నాను. ఉప్పు ఎక్కువైందేమో అని నాలుక చివర చుక్క పెట్టి చూడటం తప్ప ఒక్క పూట కూడా అది తినలేదు. ఆయనకు అది వండి, నాకు వేరే పొయ్యి మీద వంకాయ కూరో పుంటికూర పప్పో వండుకునేదాన్ని. ఆయన ముందు తినకూడదని వంటింట్లో నిలబడి, గబగబా మింగి బయటికి వచ్చేదాన్ని. అది ప్రేమ అనుకున్నాను.

మర్నాడు ఒక్క కూరే వండాను. పిండిన బీరకాయ, చిటికెడు ఉప్పు. గుమ్మంలో ఆయన పక్కన ఇంకో పీట వేసుకుని నా పళ్లెంలోనూ అదే పెట్టుకున్నాను. ఆయన వద్దన్నాడు. "నువ్వు బడికి పోయేదానివి, గిది తిని ఎట్ల నిలబడతవ్?" అన్నాడు. మొదటి రోజు పంతం మీద తినేశాను. రెండో రోజు మంచినీళ్లతో తోశాను. మూడో రోజు మూడు ముద్దలయ్యాక నాలుగోది చేతిలో పట్టుకుని కూర్చున్నాను. రెండుసార్లు నోటి దాకా తీసుకుపోయి దించేశాను. ఆకలిగానే ఉంది. అయినా లోపలికి పోవడం లేదు. ఈ అన్నం ఈ మనిషికి పూటపూటా పెట్టి, తినలేదని పోట్లాడాను. నా కళ్లలోంచి నీళ్లు కారి పళ్లెంలో పడుతున్నాయి, ఆపలేకపోయాను.

తల ఎత్తితే ఆయన తన పళ్లెం వదిలేసి నా చేతి వైపు చూస్తున్నాడు. నేను ఆయన చేతిని ఇన్నాళ్లూ ఎలా చూశానో అలాగే.

"మింగు" అన్నాడు. "ఇంకొక్కటి. నేను గూడ తింట."

నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆయన కూడా పెట్టుకున్నాడు. ఇద్దరం చాలాసేపు నమిలాం.